ఒక్క తెలుగు మాట కోసం ఏడు నెలలు

నిన్న సాయంత్రం మా ల్యాబ్‌లో మొదటిసారి మనిషి మోకాలి మృదులాస్థి (కార్టిలేజ్) కణాలు వాటిని పెంచే ప్లేటుకు అంటుకున్నాయి. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఏడు నెలలు. ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

కీళ్ల అరుగుదల మీద నా పీహెచ్‌డీ. మోకాలు మార్పిడి ఆపరేషన్‌లో కోసేసిన ఎముక చివర్లు మామూలుగా ఆస్పత్రి వ్యర్థాల్లోకి పోతాయి. వాటి మీద మిగిలిన మృదులాస్థి నుంచి కణాలను వేరుచేసి పెంచాలి. గైడ్ వెంటనే సరేనన్నారు, సర్జన్ గారూ అంతే. డబ్బాలు, ఐస్ పెట్టె, ఎంజైములు వారంలో వచ్చేశాయి.

ఆగింది ఎథిక్స్ కమిటీ దగ్గర, అంటే మనుషులతో చేసే పరిశోధనలకు అనుమతి ఇచ్చేవాళ్ల దగ్గర. పారేసే ముక్కే అయినా రోగి సమ్మతి తీసుకోవాలి, ఆ పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మంచి నియమమే. నేను ఇంగ్లీషులో రాసి ఒక అనువాద సంస్థకు ఇచ్చాను. వాళ్లు పేజీకింతని తీసుకుని పంపింది ఇది: ‘శస్త్రచికిత్సానంతర పరిత్యక్త మృదులాస్థి కణజాలమును పరిశోధనార్థము వినియోగించుటకు...’ పూర్తిగా చదవకుండా కమిటీకి పంపడం నా తప్పు. కానీ డబ్బు తీసుకుని ఇలాంటి తెలుగు ఇచ్చేవాళ్ల దగ్గరికి మీరు మాత్రం వెళ్లకండి.

కమిటీలో వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలి. మా దాంట్లో రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. ఆమె నన్ను పత్రం పైకి చదవమన్నారు. చదివాను.

“మృదులాస్థి అంటే ఏంటమ్మా? మా అక్కకు చెప్పినట్టు చెప్పు.”

కాండ్రోసైట్లు, టైప్ 2 కొలాజెన్ అంటూ మొదలుపెట్టాను. “తెలుగులో చెప్పు” అన్నారు. నాకు ఒక్క మాట రాలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని, పది మంది ముందు నోరు తెరవలేక నిలబడ్డాను. మూలన కూర్చున్న ఒక డాక్టర్ గారు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ మంటగానే ఉంది. రోజూ ఓపీలో ‘గుజ్జు అరిగింది’ అని చెప్పి పంపేవాళ్లు, ఏది అరిగిందో ఏ ఒక్క రోగికైనా విడమరిచి చెప్తున్నారా? విద్యార్థి తడబడితే నవ్వడం పెద్దరికం కాదు.

తిరిగొచ్చి మృదులాస్థి కొట్టేసి ‘గుజ్జు’ అని రాశాను. హాస్టల్లో వంట చేసే ఆంటీకి చదివి వినిపిస్తే, “గుజ్జంటే నూనె లాంటిదే కదమ్మా, అయిపోతే ఇంజెక్షన్‌తో పోస్తారంట” అంది. చిక్కంతా అక్కడే ఉంది. కీలులో జారుడుగా ఉండే ద్రవాన్నీ, ఎముక చివర రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందాన ఉండే మృదులాస్థి పొరనూ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. ఆ పొరలో రక్తనాళాలు ఉండవు, నరాలు ఉండవు. కణాలు మొత్తంలో దాదాపు రెండు శాతమే. మనం నడిచేటప్పుడు పొర నొక్కుకుని వదులవుతుంటే ఆ ద్రవం నుంచే వాటికి తిండి అందుతుంది. ఎదిగాక, ఆ పొరను అల్లే కొలాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా దాదాపు తయారు కాదు. అరవై ఏళ్ల మనిషి మోకాలిలో ఉన్నది పడుచుతనంలో అల్లుకున్నదే.

‘అరుగుదల’ కూడా సగం నిజమే. టైరులా రాపిడికి అరిగిపోవడం ఒక్కటే కాదు. జబ్బు పడ్డ కణాలే ఎంఎంపీ-13, అడామ్‌ట్స్-5 లాంటి ఎంజైములను వదిలి, తాము కట్టుకున్న పొరను తామే కోసేస్తాయి. నా పరిశోధనంతా దీని మీదే, కానీ నేను రాసిన పత్రంలో ఇది ఎక్కడా లేదు!

మూడు వారాలు ఆ ఒక్క పేరా మీదే కూర్చున్నాను. చివరికి ఇలా కుదిరింది: ‘మీ మోకాలి ఎముక చివర తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుంది. కోడికాలు ఎముక చివర కనిపించేది అలాంటిదే. ఆ పొరలోని కణాలే దాన్ని ఎందుకు పాడుచేస్తున్నాయో తెలుసుకోవడానికి, ఆపరేషన్‌లో తీసేసిన ముక్కను మాకు ఇస్తారా? ఇవ్వకపోయినా మీ వైద్యం ఏమీ మారదు.’ ఆంటీకి ఒక్కసారికే అర్థమైంది. అంతకంటే మంచి తెలుగు పత్రం మా డిపార్ట్‌మెంట్‌లో లేదని గట్టిగా చెప్పగలను. నా వంతు వచ్చేసరికి నెలలు గడిచాయి కానీ, కమిటీ పది నిమిషాల్లో ఒప్పుకుంది.

సమ్మతికి ఆపరేషన్ ముందురోజే వెళ్లండి, ఇంటివాళ్లు పక్కన ఉన్నప్పుడు. వేలిముద్ర వేసేవాళ్లయితే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇంకు ప్యాడ్ మీరే తీసుకెళ్లండి, వార్డులో దొరకదు.

మొదటి పెద్దావిడ అంతా విని, “మల్ల పెరగదా బిడ్డా అది?” అని అడిగింది. ఒకసారి పాడైన మృదులాస్థి మళ్లీ కోలుకోదని 1743లోనే లండన్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విలియం హంటర్ రాశాడు. ఇప్పటికీ దాన్ని తిరిగి మొలిపించే మందు లేదు. “పెరగదమ్మా” అన్నాను. “గట్లయితే తీస్కపో, సూడు” అని వేలు చాపింది.

ల్యాబ్ పని సులువే. పొరను సన్నగా చెక్కి, కణాలను విడదీసే ఎంజైముల్లో, అంటే ప్రొనేజ్‌లో కాసేపు, కొలాజినేజ్‌లో రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచి, వడగట్టి, లెక్కపెట్టి ప్లేట్లలో వేయడమే. ప్రయోగాలు మాత్రం త్వరగా ముగించండి. ప్లాస్టిక్ మీద కొన్ని తరాలు పెరిగితే ఈ కణాలు సాగిపోయి, మృదులాస్థిలో ఉండే టైప్ 2 మానేసి టైప్ 1 కొలాజెన్ చేయడం మొదలుపెడతాయి. అప్పుడు అవి మోకాలి కణాలని చెప్పుకోలేం.

సోమవారం ఇంకో ఇద్దరి ఆపరేషన్లు ఉన్నాయి. ఆదివారం వార్డుకు వెళ్లాలి.