వెంకన్న దర్శనం, ఆపైన చీకట్లో పడవ

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలో ఉండే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండ మీద ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి. 1976 నాటిది, తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో కట్టారు. ముందుతరం వాళ్లు రెండు మూడు రాష్ట్రాలు దాటుకుని మరీ వచ్చేవాళ్లట. మేం ఉండేది కొలంబస్‌లో. కారులో మూడు గంటలు. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు వచ్చినా జెట్‌లాగ్ తీరగానే ఈ గుడికి తీసుకొచ్చేయడం మా వైపు ఆనవాయితీ అయిపోయింది. పోయిన వేసవిలో మా అమ్మ వచ్చింది, మేమూ బయల్దేరాం.

దర్శనం బాగా జరిగింది, క్యాంటీన్లో పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఆ తర్వాతే అసలు సమస్య. మధ్యాహ్నం ఒంటిగంటకి ఊరుకాని ఊళ్లో డెబ్బయ్యేళ్ల మనిషినీ తొమ్మిదేళ్ల పిల్లాడినీ పెట్టుకుని ఎక్కడికి పోవాలి? మ్యూజియం అంటే వాడు మూతి ముడుస్తాడు, వాటర్ పార్క్ అంటే అమ్మ కారు దిగదు. అప్పుడు మా బావమరిది, ఈ ఊళ్లోనే ఎమ్మెస్ చేసి ఇక్కడే స్థిరపడ్డవాడు, "బావా, కెన్నీవుడ్ అని పాత అమ్యూజ్‌మెంట్ పార్కుంది, అక్కడికి పోదాం, అత్తయ్య గారు కూడా హాయిగా ఎక్కే రైడ్ ఒకటుంది" అన్నాడు. అమ్మ పట్టుచీరలో ఉంది. "చీర మార్చుకోమంటావా బాబూ?" అని అడిగితే, "అక్కర్లేదండీ, కూచునేదే కదా" అన్నాడు.

దారి బాగుంది. ర్యాంకిన్ బ్రిడ్జి మీద మనాంగహేలా నది దాటేటప్పుడు పక్కన క్యారీ బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలుములు, కనిపిస్తాయి. ఎప్పుడో చల్లారిపోయి తుప్పు పట్టిన ఇనుప కొండల్లా నిలబడి ఉంటాయి. పార్కు నది ఒడ్డున గట్టు మీద ఉంది. అక్కడినుంచి చూస్తే అవతలి ఒడ్డున బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ స్టీల్ మిల్లు పొగ వదులుతూ కనిపిస్తుంది. 1875లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ మొదలుపెట్టిన మిల్లు అది, ఇంకా నడుస్తూనే ఉంది. ఉక్కు కార్మికులు పిల్లల్ని తీసుకుని సరదాగా గడిపిన చోటు ఈ పార్కు. నిజానికి దీన్ని పెట్టింది ట్రామ్ కంపెనీ వాళ్లు. 1898లో, సెలవు రోజుల్లో బళ్లు ఖాళీగా తిరక్కుండా జనాన్ని లైను చివరిదాకా ఎక్కించడానికి అక్కడొక తోట వేసి, బ్యాండూ, రంగులరాట్నం పెట్టారు. అమెరికాలో అప్పట్లో ఇలాంటి ట్రాలీ పార్కులు వందల్లో ఉండేవి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మిగిలింది, 1987లో జాతీయ చారిత్రక స్థలం గుర్తింపు కూడా ఇచ్చారు.

కారు పార్క్ చేసి రోడ్డు కింద సొరంగంలోంచి నడిచి లోపలికి వెళ్లాలి. మావాడు బయటికి రాగానే నలుపు, పసుపు రంగుల స్టీల్ కర్టెన్ అనే రోలర్ కోస్టర్ చూసి అటే లాగాడు. 2019లో వచ్చింది, తొమ్మిది సార్లు తలకిందులు చేస్తుంది. అది తర్వాత అని చెప్పి బావమరిది మమ్మల్ని ఓల్డ్ మిల్ దగ్గరికి నడిపించాడు.

1901లో కట్టిన రైడ్ అది. అంటే రైట్ సోదరులు విమానం ఎగరేయకముందు నుంచీ ఉందన్నమాట. ఇప్పటికీ నడుస్తున్న ఇలాంటి రైడ్లలో అతి పాతవాటిలో ఒకటి. సంగతి చాలా సింపుల్. చెక్క పడవ, చీకటి సొరంగం, లోపల ఇరుకు కాలవ. మరచక్రం తిరుగుతూ నీళ్లని ముందుకి తోస్తుంటుంది, ఆ ప్రవాహంలో పడవ దానంతటదే పోతుంది, మలుపుల్లో అక్కడక్కడ బొమ్మల దృశ్యాలు కనిపిస్తాయి. ఒకప్పుడు కుర్రజంటలు నలుగురి కళ్లూ పడకుండా కాసేపు పక్కపక్కన కూచోడానికి ఇంతకంటే మంచి చోటు దొరికేది కాదు, టనెల్ ఆఫ్ లవ్ అన్న పేరు పుట్టింది ఈ జాతి రైడ్ల వల్లే. డిస్నీ వాళ్ల ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ కూడా ఈ వంశంలోదే, కాకపోతే డబ్బున్న మనవరాలు.

ఈ నూట పాతిక సంవత్సరాల్లో సొరంగం అదే, లోపలి అలంకారం మాత్రం ఎన్నిసార్లు మారిందో. పనామా కాలువ తవ్వకం పేపర్లలో మారుమోగుతున్న రోజుల్లో దీని పేరు పనామా కెనాల్. ఆ తర్వాత టూర్ ఆఫ్ ది వరల్డ్. 1974లో హార్డ్ హెడెడ్ హెరాల్డ్ అనే అస్థిపంజరం పేరు మీద ఒక చాంతాడంత పేరు పెట్టారు. తొంభైల్లో మళ్లీ ఓల్డ్ మిల్. 2004లో అది గార్‌ఫీల్డ్స్ నైట్‌మేర్ అయింది. కార్టూన్లలో కనిపించే నారింజ రంగు పిల్లి గార్‌ఫీల్డ్, దానికి రాత్రి పీడకలలు వస్తాయి, గోడలనిండా మెరిసే రంగులు పూశారు, ఎక్కేటప్పుడు త్రీడీ కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు. 2019 దాకా అదే నడిచింది. ఆ తర్వాత పిల్లిని సాగనంపి, 2020లో ఓల్డ్ మిల్ అన్న పేరూ, అస్థిపంజరాలూ తిరిగి తెచ్చారు.

మా బావమరిది పిల్లి కాలంలో చదువుకున్నవాడు. వాడు చెప్పేది వింటుంటే నవ్వాగలేదు. "ఆ కళ్లద్దాలు పెట్టుకుంటే చీకట్లో పక్కన ఎవరున్నారో కూడా కనపడదు బావా. రంగులన్నీ కళ్లలోకి పొడుచుకొచ్చేవి. నా రూమ్మేట్‌కి గార్‌ఫీల్డ్ ఎవరో తెలీదు, దిగాక ఇందాకటి పులి ఎందుకు ఏడుస్తోంది అని అడిగాడు." అయితే వాడి ఆఫీసులో ఈ ఊరి వాళ్లు మాత్రం గార్‌ఫీల్డ్ మాటెత్తితే ఇంతెత్తున లేచేవాళ్లట, మా తాతముత్తాతల మిల్లుని పిల్లికి రాసిచ్చారు అని. వాళ్ల బాధ పిల్లి మీద కాదనుకుంటా. పేపర్లో గార్‌ఫీల్డ్ చదివి నవ్వుకున్నవాళ్లే వాళ్లూ. నీళ్లమీద నెమ్మదిగా, ఏం వస్తుందో తెలీకుండా పోవడంలో ఉన్న మజాని కళ్లద్దాలూ కార్టూనూ కలిసి మింగేశాయి, అదీ సంగతి.

క్యూ నీడలోనే ఉంది కాబట్టి అమ్మ ఇబ్బంది పడలేదు. పడవ వచ్చి ఆగింది, అక్కడ పనిచేసే కుర్రాడు అమ్మ చెయ్యి పట్టుకుని దించాడు. చెక్క సీటు మీద తడి. బావమరిది భుజానున్న జాకెట్ తీసి పరిచేశాడు, పట్టుచీర మాట ఇవ్వడం సులువే, నిలబెట్టుకోవడానికి జాకెట్ కావాలి మరి. పడవ కదిలాక అమ్మ వెనక్కీ ముందుకీ చూసి, "ఒరేయ్, ఇది నడిపేవాడేడిరా?" అంది. నీళ్లే నడుపుతున్నాయి అని చెప్పాను. "మరి ఆపేదెవరు?" దానికి నా దగ్గర జవాబు లేదు.

లోపలికి వెళ్లగానే ముందు తగిలేది వాసన. నానిన చెక్క, నిలవ నీళ్లు, పాత రంగు, అన్నీ కలిసిన చల్లటి వాసన. ఎండలోంచి వచ్చామేమో, ఒళ్లు ఒక్కసారి చల్లబడింది. రెండో మలుపు దాకా ఏమీ కనపడదు, పడవ మూల ఎక్కడో గోడకి తగిలి టక్ మంటుంది, మళ్లీ దానంతటదే సర్దుకుని ముందుకి పోతుంది. ముందు పడవలో ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది. మావాడు నా చొక్కా పట్టుకున్నాడు, ఆ తర్వాత వాడికే సిగ్గేసి వదిలేశాడు. అప్పుడు పక్కన దీపం వెలిగి ఒక అస్థిపంజరం కనిపించింది, నెత్తిన టోపీతో, పాత పడమటి అమెరికా కౌబాయ్ వేషంలో. భయపెట్టడం కంటే నవ్వించడమే దాని పని. ఇలాంటివే ఇంకొన్ని. బొమ్మలు గొప్పగా ఏమీ లేవు, డిస్నీలో బొమ్మలు చూసి వచ్చినవాళ్లకి ఇవి ఇంట్లో చేసిన చేతిపనిలా అనిపిస్తాయి. కానీ ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఉన్న చీకటే ఈ రైడ్‌కి ప్రాణం. త్రీడీ రంగుల కాలంలో ఆ ఖాళీలు లేవని బావమరిది అన్నాడు, గోడంతా ఏదో ఒకటి మెరుస్తూనే ఉండేదట.

అమ్మ అస్థిపంజరాల్ని అసలు పట్టించుకోలేదు. నీళ్లలో వేలు ముంచబోతుంటే వద్దన్నాను. చిన్నప్పుడు తెనాలి కాలవలో పడవ మీద వాళ్ల అమ్మమ్మగారింటికి వెళ్లిన సంగతి మొదలుపెట్టింది. నేను ఎన్నడూ వినని కథ. పెళ్లివారి పడవ ఎదురైతే ఎవరు దారివ్వాలని సరంగులు గంటసేపు పోట్లాడుకున్నారట. అది తేలకముందే వెలుతురు వచ్చేసింది, దిగిపోవాల్సి వచ్చింది. మావాడికి ఆ పోట్లాట ఎవరు గెలిచారో కావాలి. "నానమ్మా, చెప్పు" అని రోజంతా వెంటపడ్డాడు.

నాకు అనిపించింది ఇదీ. మూడు తరాలు ఒకే బల్ల మీద కూచోగలిగే రైడ్ పార్కు మొత్తంలో ఎన్ని ఉంటాయి? బీపీ ఉన్నవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఎత్తు చాలని పిల్లలు, ఇంగ్లీషు రానివాళ్లు, అందరికీ సరిపోయేది ఇలాంటి చీకటి రైడే. పార్కులకి మాత్రం దీనితో తలనొప్పి ఎక్కువ. చెమ్మకి బొమ్మలు పాడవుతాయి, మోటార్లు తుప్పుపడతాయి, టీవీ ప్రకటనలో చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. పైగా 1984లో న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లోని హాంటెడ్ కాజిల్‌లో మంటలు లేచి ఎనిమిది మంది పిల్లలు పోయారు. ఆ తర్వాత చీకటి భవనాల విషయంలో అగ్నిప్రమాద నిబంధనలు బిగించారు, బిగించాల్సిందే కూడా, అయితే పాత చెక్క కట్టడాలకి అది పెద్ద ఖర్చు. అందుకే చాలాచోట్ల కూల్చేసి ఆ జాగాలో ఇంకేదో పెట్టేశారు.

కెన్నీవుడ్‌లోనూ అలా పోయినవి ఉన్నాయి. లె కాషో అని 1972లో పెట్టిన చీకటి రైడ్ ఒకటుండేది. ఆ విద్యలో పేరుమోసిన బిల్ ట్రేసీ దాని డిజైనర్. అది 1998తో పోయింది. 1981 నాటి గోల్డ్ రషర్ తీసేసి 2008లో ఘోస్ట్‌వుడ్ ఎస్టేట్ పెట్టారు. చేతిలో తుపాకీ పట్టుకుని దెయ్యాల్ని కాల్చి పాయింట్లు సంపాదించాలి. మేం అదీ ఎక్కాం. మావాడికి పిచ్చగా నచ్చింది, నాకు మాత్రం కళ్లు తెర మీది గుర్తుల మీదే తప్ప గది మీద లేవు, దిగాక లోపల ఏముందని అడిగితే చెప్పలేను. అమ్మ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూచుంది, ఆమెకి సున్నా వచ్చింది, "నాకెందుకురా ఎవర్నో కాల్చడం" అంది.

ఈ ఊరి వాళ్ల పట్టుదల గురించి ఒక మాట చెప్పాలి. 1936 నాటి నోవాస్ ఆర్క్ ఇక్కడుంది. అటూ ఇటూ ఊగే ఓడ, లోపల నడుచుకుంటూ పోవాలి. 1969లో దానికి తిమింగలం నోటిలోంచి వెళ్లే దారి పెట్టారు, కాలి కింద నాలుక మెత్తగా దిగబడుతుంది. 1996లో మార్పులు చేస్తూ తిమింగలాన్ని తీసేశారు. జనం ఇరవై ఏళ్లు సణిగారు, 2016లో తిరిగి వచ్చేసింది. కంగారూ అని 1962 నాటి చిన్న రైడ్‌ని 2020 చివర్లో రిటైర్ చేశామన్నారు, అదీ 2022లో వచ్చేసింది. బండి చిన్న ర్యాంపు ఎక్కి ఒక గంతు వేస్తుంది, అంతే దాని గొప్ప. ఆ గంతు కోసమే పెద్దవాళ్లు లైన్లో నిలబడి ఉన్నారు.

సాయంత్రం అమ్మని నీడలో కూచోబెట్టి, పొటాటో ప్యాచ్‌లో ఫ్రైస్ తెచ్చిచ్చి (మాంసం లేకుండా అని రెండుసార్లు చెప్పి తీసుకున్నాం), మేం చెక్క కోస్టర్ల మీద పడ్డాం. 1920 నాటి జాక్ రాబిట్‌లో జంట దిగుడు దగ్గర నిజంగానే సీటులోంచి లేస్తాం. 1927 నాటి రేసర్‌లో రెండు బళ్లు పోటీ పడతాయి, కుడివైపు ఎక్కినవాళ్లు ఎడమవైపు వచ్చి దిగుతారు, రెండు పట్టాల్లా కనిపించేది నిజానికి ఒకటే పొడవాటి పట్టా. ఇక థండర్‌బోల్ట్‌లో ఒంటరిగా ఎక్కనివ్వరు, మలుపుల్లో పక్కకి విసిరేస్తుంది కాబట్టి సీటుకి ఇద్దరు ఉండాల్సిందే. నేనూ బావమరిదీ ఒక సీట్లో ఎక్కాం, వాడి మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది.

వెళ్లేముందు అమ్మ ఇంకోసారి పడవ ఎక్కుదామంది. ఈసారి జాకెట్ కూడా అడగలేదు. లోపల ఒక మలుపు దగ్గర పడవ కాస్త ఎక్కువసేపు గోడకి ఆనుకుని ఆగితే, సరంగుల పోట్లాట అక్కడ అందుకుంది. చివరికి పెళ్లివారే వెనక్కి తగ్గారట, ముహూర్తం మించిపోతోందని.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు శనివారం కాకుండా మామూలు రోజు చూసుకోండి, గుడిలో పొద్దున దర్శనం, క్యాంటీన్లో భోజనం చేసుకుని పార్కుకి వస్తే రెండూ ఒకే రోజులో అవుతాయి. మోకాళ్ల నొప్పులుంటే నోవాస్ ఆర్క్ వదిలేయండి, నేల ఊగుతుంది. ఓల్డ్ మిల్ పడవలోకి దిగడానికి ఒక మెట్టంత లోతు ఉంది, ముందు మీరు దిగి చెయ్యి అందివ్వండి. ఒక తువ్వాలు కూడా పట్టుకెళ్లండి.