యువరాజును పెళ్లాడితే నామినేషన్ చెల్లుతుందా?

2018లో అమెరికన్ నటి మేఘన్ మార్కెల్‌కి బ్రిటిష్ యువరాజు హ్యారీతో పెళ్లైనప్పటి నుంచీ ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంది. అమెరికా పౌరురాలు బ్రిటిష్ రాజకుటుంబానికి కోడలైతే, అమెరికాలో ఎన్నికల్లో నిలబడొచ్చా? నిలబడొచ్చు. పెళ్లి వల్ల చిక్కేం లేదు. చిక్కల్లా పెళ్లి తర్వాత ఏయే కాగితాల మీద సంతకం పెట్టారు, ఎవరి ముందు ఏమని ప్రమాణం చేశారు అన్నదాంట్లోనే ఉంది.

ప్రెసిడెంటు పదవికి అక్కడి రాజ్యాంగం అడిగేవి మూడే: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, దేశంలో 14 ఏళ్ల నివాసం. సెనేట్‌కి 30 ఏళ్లు, 9 ఏళ్ల పౌరసత్వం. ప్రతినిధుల సభకి 25, 7. పోటీ చేసే రాష్ట్రంలో నివాసం ఉండాలి. భర్త ఎవరన్న ప్రశ్నే లేదు. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యత్వానికి రాష్ట్రాలు సొంతంగా కొత్త అర్హతలు చేర్చడానికి వీల్లేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1907 చట్టం ప్రకారం విదేశీయుడిని చేసుకున్న అమెరికన్ స్త్రీకి పౌరసత్వం దానంతటదే పోయేది, ఆ భర్త రాజైనా రైతైనా. 1922లో కేబుల్ చట్టం వచ్చాక ఇది చాలావరకు సడలింది. ఆ తర్వాత పౌరసత్వం పోయిందంటే, ఎక్కువగా వాళ్లే వదులుకోవడం వల్ల. 1963లో సిక్కిం యువరాజును పెళ్లాడిన హోప్ కుక్, 1978లో జోర్డాన్ రాజును పెళ్లాడిన లీసా హలబీ (క్వీన్ నూర్) ఇద్దరూ అమెరికా పౌరసత్వం వదిలేశారు. అలా వదిలేసినవాళ్లకి అక్కడ పోటీ చేసే హక్కు కూడా ఉండదు.

వదులుకోకుండా రెండో దేశం పౌరసత్వం కూడా తీసుకుంటే? బ్రిటిష్ పౌరసత్వం తీసుకునేటప్పుడు రాజుకి విధేయత ప్రమాణం చేయాలి. అయినా అమెరికా పౌరసత్వం వదిలేయాలన్న ఉద్దేశం రుజువైతే తప్ప అది పోదని టెర్రాజాస్ కేసులో 1980 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెబుతోంది. అంటే చట్టం ఒప్పుకుంటుంది. ఎదుటి పార్టీ ప్రచారంలో ఆ ప్రమాణం వీడియోను ఎన్నిసార్లు తిప్పుతుందో అది వేరే సంగతి.

అందరూ తికమకపడేది టైటిల్ దగ్గర. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్లు కాంగ్రెస్ అనుమతి లేకుండా విదేశీ రాజు నుంచి టైటిల్ స్వీకరించకూడదు అంటుంది రాజ్యాంగం. గమనించాల్సిన మాటలు రెండు: ‘పదవిలో ఉన్నవాళ్లు’, ‘స్వీకరించడం’. పోటీలో ఉన్న అభ్యర్థి ఇంకా పదవిలో లేరు. మేఘన్‌కి డచెస్ అన్న పిలుపు భర్త వల్ల వచ్చింది, రాజు ఆమెకి విడిగా ఇచ్చింది కాదు. అయితే ముందే ఉన్న టైటిల్‌ను గెలిచాక కూడా అట్టే పెట్టుకోవడం స్వీకరించడమే అవుతుందా అన్నది సుప్రీంకోర్టు తేల్చలేదు. నన్నడిగితే, ప్రమాణ స్వీకారానికి ముందే దాన్ని వాడటం మానేస్తానని రాసిచ్చేయడం తెలివైన పని.

టైటిల్ ఉంచుకుంటే పౌరసత్వమే పోతుందని కొందరు వాదిస్తారు. వాళ్లు చూపించేది 1810లో కాంగ్రెస్ ఆమోదించిన రాజ్యాంగ సవరణ. దాన్ని 12 రాష్ట్రాలే ఆమోదించాయి. అమల్లోకి రావాలంటే ఇప్పుడు 38 కావాలి. గడువు పెట్టలేదు కాబట్టి ఇప్పటికీ పెండింగులోనే ఉంది. పెండింగులో ఉన్నది చట్టం కాదు.

భర్త సంగతి వేరు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోవాలంటే వంశపారంపర్య టైటిల్‌ను ప్రమాణం రోజునే వదులుకోవాలి. అక్కడి తెలుగువాళ్లకి ఇది తెలిసిన ప్రశ్నే, పౌరసత్వానికి పెట్టే ఎన్-400 దరఖాస్తు ఫారంలో ఉంటుంది. పేరు చివర రాజు అనో రాయుడు అనో ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, పేరు టైటిల్ కాదు. టైటిల్ వదిలేసినా అలా పౌరుడైనవాళ్లు కాంగ్రెస్‌కి పోటీ చేయొచ్చు కానీ, ప్రెసిడెంటు కాలేరు.

ఇక మన దగ్గర. విదేశీ రాజకుమారి అనగానే హైదరాబాద్‌లో నిజాం కోడలిగా వచ్చిన టర్కీ రాజకుమారి నీలోఫర్ పేరు, ఆ పేరుతో ఉన్న ఆసుపత్రి గుర్తొస్తాయి. అప్పుడు రాచరికం, ఈ ప్రశ్నే లేదు. ఇప్పుడు ఒక తెలుగమ్మాయి విదేశీ యువరాజును చేసుకుందనుకోండి. భారత్‌లో ద్వంద్వ పౌరసత్వం లేదు. ఆ దేశం పౌరసత్వం కోరి తీసుకున్న రోజే 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 కింద మన పౌరసత్వం పోతుంది. తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చేది) తెచ్చుకున్నా ఓటూ లేదు, పోటీ లేదు. పౌరసత్వం తీసుకోకపోయినా ఇంకో గండం ఉంది: విదేశీ రాజ్యానికి విధేయత ఒప్పుకున్నవాళ్లు పార్లమెంటుకి 102వ అధికరణ, అసెంబ్లీకి 191వ అధికరణ కింద అనర్హులు. ఆస్థానంలో చేసే ప్రమాణంలో ఏ మాటలున్నాయో పెళ్లికి ముందే లాయరుకి చూపించుకోవాలి. 18వ అధికరణ కూడా భారత పౌరులు విదేశీ రాజ్యం ఇచ్చే బిరుదు తీసుకోకూడదంటుంది.

భారత పాస్‌పోర్టు మాత్రమే ఉంచుకుని, అలాంటి ప్రమాణమేదీ చేయకపోతే దారి ఉంది. విదేశాల్లో ఉండే భారత పౌరుల కోసం ఉన్న ఫారం 6ఏతో పాస్‌పోర్టులోని చిరునామా మీద ఓటరుగా నమోదు కావొచ్చు. లోక్‌సభకైతే సాధారణంగా దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు, అసెంబ్లీకి ఆ రాష్ట్రంలోనే ఓటుండాలి. తీరా నామినేషన్లు తిరస్కరణకి గురయ్యేది చాలాసార్లు ఇంతకన్నా చిన్న పొరపాటుకే. రాజ్యాంగానికి విధేయత ప్రమాణం నామినేషన్ వేశాకే చేయాలి, పరిశీలన తేదీకి ముందే అయిపోవాలి. నామినేషన్ ఇచ్చిన బల్ల దగ్గరే ప్రమాణం చేసి, చేసినట్టు సర్టిఫికెట్ చేతికొచ్చాకే గది దాటాలి.