మూడో రెప్లికేషన్ అంకె: నా వేరుశనగ ట్రయల్స్ అనుభవం

థీసిస్ నిన్ననే సబ్మిట్ చేశాను. రకాల దిగుబడి స్థిరత్వం మీద పనిచేసే జూనియర్ల కోసం కోపం చల్లారకముందే రాస్తున్నాను.

విత్తనం సేకరణ, విత్తడం, కలుపు తీయించడం సాఫీగానే జరిగాయి. కదిరి-6 రకాన్ని చెక్‌గా (మిగతావాటిని పోల్చి చూసేందుకు) పెట్టి, రాయలసీమలో వేర్వేరు చోట్ల, ఒక్కోచోట మూడు రెప్లికేషన్లతో, అంటే ప్రతి రకాన్నీ మూడేసి మళ్లలో వేశాం.

అన్ని సెంటర్ల లెక్కలూ కలిపే ముందు బార్ట్‌లెట్ టెస్ట్ చేయాలి. ఎర్రర్ వేరియన్స్ (ఒకే రకం వేసిన మళ్ల మధ్య కూడా వచ్చే తేడా) అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉందో లేదో అది చెబుతుంది. నా డేటా అక్కడే ఆగిపోయింది. ఒక సెంటర్‌లో ఎర్రర్ దాదాపు సున్నా! కమిటీలో ఒక పెద్దాయన అందరి ముందూ "స్టాటిస్టిక్స్ రానప్పుడు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నావమ్మా?" అన్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ సెంటర్ పంపిన ఎక్సెల్ షీట్ వరుస వరుసా చూశాను. ప్రతి రకానికీ మొదటి అంకె కాస్త ఎక్కువ, రెండోది అంతే తక్కువ, మూడోది సరిగ్గా ఆ రెండింటి సగటు. వానాధారపు ఎర్ర నేలలో పక్కపక్క మళ్లలోనే మొక్కల సంఖ్య కలవదు. ఇంత పొందిక ఎలా వస్తుంది?

ఫీల్డ్ బుక్ కోసం వెళ్తే సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. "మీకు డిగ్రీ కావాలి, మాకు బోలెడు పనులున్నాయి" అన్నారు ఇన్‌చార్జ్. చివరికి ఫీల్డ్ అసిస్టెంట్ అన్న ఒకాయన బుక్ తెచ్చిచ్చాడు. అందులో రకానికి ఒక్కటే బరువు. మూడు మళ్ల కాయలూ కలిపి ఆరబోసి, ఒకేసారి తూచారు. "సంచులు చాల్లేదమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కుర్చీలో కూర్చుని అంకెలు పుట్టించినవాళ్ల మీదే. ఆ అంకెల్ని నమ్మి రకం విడుదల చేస్తే, ఊడలు దిగేవేళ వాన మొహం చాటేసిన ఏడు మునిగేది అనంతపురం రైతు. మా నాన్నా అలాంటి రైతే.

తూకానికి మీరే వెళ్లండి. సంచులు, లేబుళ్లు మీరే పట్టుకెళ్లండి. చేత్తో రాసిన పేజీ ఫొటో ఇవ్వని సెంటర్‌ను, దానికి ఎంత పేరున్నా సరే, లెక్కలోకి తీసుకోవద్దు.

మా గైడ్ సార్ ఆ బుక్ ఫొటోలు కమిటీ ముందు పెట్టారు. ఆ సెంటర్ తీసేశాక రకాల నిలకడను కొలిచే 1966 నాటి ఎబర్‌హార్ట్-రస్సెల్ పద్ధతిలో విశ్లేషణ ఒక్కపూటలో అయిపోయింది. సగటులో ముందున్న రకానికి రిగ్రెషన్ విలువ ఒకటి కంటే బాగా ఎక్కువ. అంటే తేమ ఉన్నచోట దండిగా కాసి, బెట్టకు పడిపోతుంది. దాని వెనకున్న రకానికి ఆ విలువ ఒకటికి దగ్గర, డీవియేషన్ (అంచనా గీత నుంచి దిగుబడి తప్పుకునే తేడా) సున్నాకు దగ్గర, అంటే నిలకడైన రకం. మెట్ట పొలాలకు నేను సిఫారసు చేసింది దాన్నే. ఆ సెంటర్ అంకెలు ఉంచి చూస్తే ఈ రెండు రకాల ఫలితాలూ తారుమారయ్యాయి.