భీమిలి బస్సులో జేన్ ఆస్టిన్ చిన్ననాటి రాతలు

విశాఖ వెళ్తూ సంచిలో ఏ పుస్తకం పెట్టుకోవాలని అడిగితే మేం చెప్పే పేరు కాస్త వింతగానే ఉంటుంది. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ పెద్ద నవలలు కాదు, చిన్నప్పుడు రాసుకున్న మూడు నోటుపుస్తకాలు. 1787 నుంచి 1793 వరకు, అంటే పదకొండో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా రాసినవన్నీ ఆమే వాటిలోకి శుభ్రంగా ఎత్తి రాసుకుంది. వాటిలో ఒక కథ మన తూర్పు తీరానికి బాగా దగ్గరిది. ఈసారి మేం విశాఖలో దిగింది దానికోసమే.

ముందు పుస్తకం ప్రతుల సంగతి. మొదటి నోటుపుస్తకం ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది, మిగతా రెండూ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చేతిరాత పేజీల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే బీచ్ ఎండలో ఫోను తెర కనబడదు కాబట్టి చదవాల్సిన భాగాలు ఇంటి దగ్గరే ప్రింటు తీసుకోవాలి. అచ్చు పుస్తకం కొనేటట్టయితే ఆ పిల్ల స్పెల్లింగు తప్పులు దిద్దకుండా ఉంచిన ప్రతి చూసుకోండి. దిద్దితే సగం అల్లరి పోతుంది.

చాలామంది చిక్కుకునేది వరుస దగ్గర. నోటుపుస్తకాల వరుస వేరు, రాసిన వరుస వేరు. మొదటి పుస్తకం చివర ఉన్న పద్యం కింద 1793 జూన్ 3 అని ఉంటుంది. రెండో పుస్తకం మొదట్లోని ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ పూర్తయింది 1790 జూన్ 13న. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే ఆమె చెయ్యి ఎలా తిరిగిందో తెలియదు. మేం పట్టుకున్న దారి ఇది: ‘ద బ్యూటిఫుల్ కసాండ్రా’, తర్వాత ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’, 1791 నవంబరు నాటి ఇంగ్లండు చరిత్ర, చివర 1792 నాటి ‘క్యాథరిన్’.

కసాండ్రా కథకి ఆర్కే బీచ్ చాలు. పన్నెండు అధ్యాయాలు, ఒక్కోటి రెండు మూడు వాక్యాలకి మించదు. మురీ మిక్చర్ పొట్లం ఖాళీ అయ్యేలోగా కథ అయిపోతుంది. టోపీలు కుట్టే ఆవిడ కూతురు ఒకరి కోసం కుట్టిన టోపీ తలకి తగిలించుకుని ఊరి మీద పడుతుంది. మిఠాయి దుకాణంలో ఆరు ఐస్‌క్రీములు లాగించి, డబ్బులివ్వనని చెప్పి, కొట్టువాణ్ణి ఒక్క తోపు తోసి వెళ్లిపోతుంది. ఇది రాసిన పిల్లని పెద్దయ్యాక మర్యాద నవలల రచయిత్రి అన్నారు మరి!

మర్నాడు పొద్దున్నే భీమిలికి. రైల్వేస్టేషన్ నుంచి 900కే బస్సు ఉంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకుంటే సముద్రం, ఎడమవైపు కూర్చుంటే కొండలు. రుషికొండ దాటాక జనం పల్చబడతారు, చదువుకోవచ్చు. ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ ఈ దారికి సరిగ్గా సరిపోతుంది. అప్పటి కన్నీటి నవలల మీద వెటకారం అది. ఇద్దరు నాయికలూ వంతులేసుకుని సోఫా మీద మూర్ఛపోతుంటారు. ఆరుబయట మంచులో మూర్ఛపోయి జలుబు చేసి చావబోతున్న సోఫియా, కావాలంటే పిచ్చెక్కు గానీ మూర్ఛ మాత్రం పోకు అని స్నేహితురాలికి బుద్ధి చెబుతుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాలనుకుంటే తిరుగు ప్రయాణంలో దిగండి. పొద్దుటి వెలుతురు భీమిలిలోని డచ్చివాళ్ల సమాధులకి కావాలి.

‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ని ఆస్టిన్ అంకితమిచ్చింది తన మేనత్త కూతురు ఎలిజాకి. ఎలిజా పుట్టింది 1761లో, కలకత్తాలో. ఆమె తల్లి ఫిలడెల్ఫియా పెళ్లికి దిక్కులేని పేద పిల్లగా 1752లో ఓడెక్కి మద్రాసులో దిగింది. మరుసటేడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాంకాక్‌తో పెళ్లి అయింది. ‘క్యాథరిన్’ కథలో నాయిక స్నేహితురాలు పెద్ద మిస్ విన్‌ది కూడా ఇదే బతుకు. తండ్రి పోయాడు, చేతిలో పైసా లేదు. బంధువొకడు ఖర్చు పెట్టి ఓడ ఎక్కించాడు. బెంగాలులో తనకు రెట్టింపు వయసువాడితో ముడిపడింది. కమిలా అనే డాబుల పిల్ల ఇది అదృష్టమేనంటుంది. మొగుడి కోసం ఇండియా వెళ్లిన మొదటి పిల్ల ఆమేం కాదుగా, నేనంత పేదదాన్నయితే నాకూ సరదాగానే ఉండేదంటుంది. మొగుడి గుణం తెలిసేసరికి ఆ తెలివి ఎందుకూ పనికిరాదు కదా, అది అదృష్టమెలా అవుతుందని క్యాథరిన్ ఎదురడుగుతుంది. పదహారేళ్ల పిల్ల రాసిన మాట ఇది. ఆస్టిన్ అసలు గొంతు మాకు మొదట వినబడింది ఇక్కడే. ఐస్‌క్రీములూ మూర్ఛలూ దాటి ఇక్కడికొస్తే తేడా తెలుస్తుంది.

భీమిలి 1825 దాకా డచ్చివాళ్లది. ఇంగ్లీషువాళ్ల కొలువు విశాఖ కోట దగ్గర. ఎవరిదైతేనేం, ఈ తీరంలో దిగిన తెల్లవాళ్లు చాలామంది వెనక్కి పోలేదు. ఉప్పుగాలికి సమాధి పలకల మీది అక్షరాలు అరిగాయి. నడినెత్తిన ఎండ ఉంటే ఒక్క ముక్కా కనబడదు. ఏటవాలు వెలుతురులో గాడుల్లో నీడ పడి పేర్లు తేలతాయి. సుద్ద పూయకండి, నీళ్లు చల్లకండి, రాయి పాడవుతుంది. గేటు తాళం వేసి ఉంటే పక్కన అడగండి, గోడ దూకొద్దు.

‘క్యాథరిన్’ చేతిరాత ఫొటోల్లో ఒక చోటు వెతికి చూడండి. మేనత్త ఆ పిల్లకి చదివించిన పుస్తకాల ప్రస్తావన దగ్గర, ఆస్టిన్ మొదట రాసిన మతబోధ పుస్తకం పేరు కొట్టేసి హానా మోర్ నవల ‘సీలబ్స్’ పేరు పెట్టింది. ఆ నవల వచ్చింది 1808 చివర్లో. అంటే పదహారేళ్లు దాటాక కూడా ఆ పాత నోటుపుస్తకం తీసి దిద్దుకుందన్నమాట. అంకితం కింద 1792 ఉంది కదా అని ప్రతి మాటా అప్పటిదే అనుకుంటే పొరపాటు. కథ మాత్రం పూర్తి కాలేదు. చివరి పేజీల్లో దస్తూరీ మారిపోతుంది. అది మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ కొనసాగింపు అని పండితులు తేల్చారు. మేమైతే అక్కడికి ఆపేసి, తిరుగు బస్సులో ఇంగ్లండు చరిత్ర తీశాం. ఇందులో తేదీలు తక్కువే అని ఆమే ముందుగా హెచ్చరిస్తుంది. అక్క కసాండ్రా వేసిన 13 రంగుల బొమ్మలున్నాయి కాబట్టి దీన్ని మాత్రం అచ్చులో కన్నా ఫొటోల్లో చూడటమే మేలు.