ముసురు, ముగ్గురు సుబ్బారావులు, ఓ గిన్నె చాక్లెట్

పొద్దున్నించీ ముసురే. ఉతికిన బట్టలన్నీ హాల్లో తాడు మీద, ఎటెళ్ళినా మొహానికి తడి టవలే. బయటికెళ్ళే పని లేదు కదా అని, ఇప్పటికి రెండుసార్లు మొదలెట్టి వదిలేసిన మార్క్వెజ్ నవల 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' మళ్ళీ తీశా. 1967లో స్పానిష్‌లో వచ్చిందది, నా దగ్గరున్నది ఇంగ్లీషుది. ఏడు తరాల బుయెందియా కుటుంబం, అందరివీ అవే పేర్లు. అరెలియానో కాకపోతే హోసె అర్కాదియో. ఒక కల్నల్ గారికైతే పదిహేడు మంది ఆడవాళ్ళకి పుట్టిన పదిహేడు మంది కొడుకులూ అరెలియానోలే! మొదట్లో వంశవృక్షం ఉంది కాబట్టి బతికిపోయాం.

అయినా నవ్వడానికి మనకేం అర్హత ఉందిలెండి, మా ఇంట్లో ముగ్గురు సుబ్బారావులు. ముత్తాత, మా పెదనాన్న, మా అన్నయ్య. నాన్నమ్మ మావగారి పేరు నోటితో పలక్కూడదని పెదనాన్నని జన్మంతా 'పెద్దబ్బాయ్' అనే పిలిచింది, అన్నయ్యనేమో 'బుల్లిబాబు', వాడికిప్పుడు నలభై, బట్టతల, ఇప్పటికీ ఊళ్ళో బుల్లిబాబే. అమ్మ చిన్నప్పుడు వాణ్ణి పేరు పెట్టి తిడితే నాన్నమ్మ ఊరుకునేది కాదు, తిట్టు పెద్దాయనకి తగుల్తుందని. ఈ గోల గుర్తొచ్చాక పుస్తకంలో పేర్లు అసలు కష్టమనిపించలా, పైగా ఆ బుయెందియాల ఇంటి పెద్దావిడ ఉర్సులా ముసలమ్మ కూడా ఈ పేరు పెట్టుకున్నోళ్ళు ఇలాంటోళ్ళు, ఆ పేరోళ్ళు అలాంటోళ్ళు అని తేల్చేస్తుంది, అచ్చం మా నాన్నమ్మే.

పుస్తకంలో ఫాదర్ నికనోర్ అనే చర్చి గురువు దగ్గరకొచ్చేసరికి ఆకలేసింది. ఆయన వేడివేడి చిక్కటి చాక్లెట్ గుక్క తిప్పుకోకుండా తాగి నేల మీంచి ఆరంగుళాలు పైకి లేస్తాడు, అలా ఇంటింటికీ తిరిగి లేచి చూపించి చర్చి కట్టడానికి చందాలు వసూలు చేస్తాడు. మతి చలించిందని చెట్టుకి కట్టేసి ఉంచిన పెద్దాయన, అదే ఉర్సులా మొగుడు, మాత్రం ఏమాత్రం ఆశ్చర్యపోడు.

ఇంక ఆగలేక వంటింట్లోకెళ్ళా. అరలీటరు పాలల్లో దాల్చినచెక్క, రెండు లవంగాలు, గింజలు దులిపేసిన ఎండుమిరపకాయ ఒకటి వేసి మరిగించి వడకట్టి, కోకో, చక్కెర, చల్లటి పాలల్లో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోసి తిప్పుతూనే ఉన్నా. మధ్యలో ఫోనొచ్చింది, ఉండలు కట్టింది, మళ్ళీ వడకట్టా. చిటికెడు ఉప్పు మర్చిపోకూడదు. మెక్సికో వైపు పాతకాలంలో కోకోలో మిరపకాయ వేసుకునేవాళ్ళంట, మనవాళ్ళకి మాత్రం చాక్లెట్‌లో కారం అంటే వింతే. అదేంటో మరి, పిన్నీ వాళ్ళ కొబ్బరితోటలోనే కోకో చెట్లున్నాయి, చిన్నప్పుడు కాయ పగలగొట్టి ఆ పుల్లటి తెల్ల గుజ్జు చీకి గింజలు ఉమ్మేసేవాళ్ళం, అది చాక్లెట్ అవుతుందని ఒక్కరూ చెప్పలేదు.

అమ్మకి ఓ గిన్నెలో పెట్టిచ్చి ఫాదర్ గారి కథ చెప్పా. ఒక స్పూను నోట్లో పెట్టుకుంది, "తియ్యగానే ఉందే... అమ్మో, కారం వెనకాల వస్తోంది" అంది. గిన్నె ఖాళీ చేశాక మోకాలు నిమురుకుంటూ, "ఆరంగుళాలు ఎందుకులే, మంచం మీంచి లేచి నించోబెడితే చాలు, ఇంకాస్త ఉంటే పెట్టు" అంది.