ఎవరికి చదువుతున్నారమ్మా?

జబ్బు తగ్గాక నన్ను చూసినవాళ్లంతా అడుగుతున్నారు, నీకీ పుస్తకాల పిచ్చి ఎప్పుడు పట్టింది అని. నిజమే, అంతకుముందు నేను చదివిందంతా పరీక్షల కోసం, ఆ తర్వాత ఉద్యోగం కోసం. ఒక నవల మొదలుపెట్టి చివరిదాకా చదివిన గుర్తే లేదు. నాకు చదవడం రుచి చూపించింది మా చెల్లి. అదీ నేను వేలు కూడా కదపలేని రోజుల్లో, తన గొంతుతో. ఆ చదువును ఒక్క మాటతో ఆపేసిన మనిషి కూడా ఉన్నాడు. ఇద్దరి గురించీ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. కొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు నిలవలేదు. ఆ నీరసం కాళ్ల నుంచి నడుముకు, చేతులకు పాకింది. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు, జీబీఎస్. ఒంట్లోకి వచ్చిన క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి మన నరాల మీదే దాడి చేసే జబ్బు. కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన తర్వాత కొందరికి ఇలా అవుతుందట. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్షలు చేశారు, రోజూ ఒంటి బరువులో కిలోకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించారు. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ జబ్బు చెడగొట్టేది వెన్నుపాము దాటి బయటికి వచ్చే నరాలను. మెదడుకు ఏమీ కాదు. మనిషి కదల్లేకపోవచ్చు, మాట రాకపోవచ్చు, కానీ అన్నీ వింటూ ఉంటుంది.

ఫోన్ పట్టుకోవడం కూడా చేతకాకపోయేసరికి చెల్లి ఒక నవల తెచ్చింది. ఇల్లు వదిలి వెళ్లిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ ఒక అన్న బయల్దేరిన కథ. "టెన్షన్‌తో చస్తుంటే ఇప్పుడు కథలేంటే" అని విసుక్కున్నాను. "నాకూ టెన్షన్‌గానే ఉందక్కా. చదువుతుంటే కాస్త నయంగా ఉంది, ఊరికే విను" అంది. విన్నాను. రెండో రోజుకల్లా అది ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూడటం మొదలైంది.

ఇక ఆ రాత్రి. మాటిమాటికీ నర్సు వచ్చి, "గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి అంకెలు చెప్పండి మేడమ్" అనేది. ఈ జబ్బు ఛాతీ కండరాల దాకా వచ్చిందో లేదో ఇలా కూడా చూస్తారు. ఒక్క ఊపిరిలో 20 దాకా కూడా లెక్కపెట్టలేకపోతే అప్రమత్తమవుతారు. సాయంత్రం నేను 30 దాటాను. రాత్రి పెరిగేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చింది. మొదట్లో నర్సు "బాగుంది" అనేది, తర్వాత ఏమీ అనకుండా రాసుకుని వెళ్లడం మొదలుపెట్టింది. చివరికి నేనే అడిగాను. "తగ్గుతోంది మేడమ్. డాక్టర్ గారికి చెప్పాను. నేను ఇక్కడే ఉంటాను" అంది. అబద్ధం చెప్పనందుకు ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

నిద్రపోతే ఊపిరి ఆగిపోతుందని భయం పట్టుకుంది. ఊపిరిని గమనించేకొద్దీ అది ఇంకా అందడం లేదనిపించేది. దేవుణ్ని తలుచుకున్నాను. తలుచుకున్నానని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కానీ నా ప్రార్థన రెండు మాటల్లో అయిపోయేది, తెల్లారడానికి చాలా టైముంది. అప్పుడు చెల్లి కథ ఆపిన చోటు గుర్తొచ్చింది. తమ్ముడు ఉంటున్నాడని ఎవరో చెప్పిన ఇంటి తలుపు అన్న తట్టాడు. విజిటర్ల టైం అయిపోయిందని పుస్తకం అక్కడ మూసేసింది. ఆ తలుపు దాకా కథను మొదటి నుంచి నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. మధ్యలో తెగిపోయేది. అసలు అన్న ఎందుకు బయల్దేరాడు? తల్లి పంపిందా, తనకు తానే వెళ్లాడా? వెనక్కి వెళ్లి వెతికాను. బస్సులో ఎవరో అతనితో ఏదో అన్నారు, ఏమన్నారు? అది కూడా దొరికింది. ఇలా వెతుక్కుంటున్నంతసేపూ నా ధ్యాస ఊపిరి మీద లేదు. పెన్ను లేకుండా, చెయ్యి లేకుండా నేను రాసుకున్న మొదటి నోట్సు అదే.

తెల్లవారుజామున అంకె 12 దగ్గర ఆగింది. వెంటిలేటర్ పెట్టారు.

ఆ తర్వాత ముఖం కూడా చచ్చుబడిపోయింది. కనురెప్పలు పూర్తిగా మూతపడక చుక్కల మందు వేసేవారు. కనుగుడ్లు మాత్రం కదిలేవి. "అవునంటే పైకి చూడక్కా" అని చెల్లి నేర్పింది. చదవనా అంటే పైకి చూశాను. అది పుస్తకం తెరిచిందో లేదో డ్యూటీ డాక్టరు వచ్చాడు. చార్టు చూశాడు, నా ముఖం చూశాడు, పుస్తకం పట్టుకుని కూర్చున్న చెల్లిని చూశాడు. "ముఖంలో చలనమే లేదు. ఎవరికి చదువుతున్నారమ్మా?" అన్నాడు. నా పక్కన నిలబడి, నాకు వినపడేంత దగ్గర్లో నిలబడి. చెల్లి పుస్తకం మూసేసింది. చెల్లి వెళ్లిపోయేదాకా పైకి చూస్తూనే ఉన్నాను. అది తల దించుకునే ఉంది, చూడలేదు. జబ్బంతటిలో నాకు అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు, ఊపిరి తగ్గిన రాత్రి కూడా.

ఆ రాత్రి తోడున్న నర్సే మర్నాడు చెల్లిని పిలిచి, "ఆవిడకు అన్నీ తెలుస్తున్నాయి, మీరు చదవండి" అంది. కథలో ఆ తలుపు తెరుచుకుంది. తీసింది తమ్ముడు కాదు. నాకు ఎంత కోపం వచ్చిందో.

ఒక సంగతి దాచకూడదు. ట్యూబులో కఫం అడ్డుపడి నా ఊపిరి ఆగబోయినప్పుడు పరుగెత్తుకొచ్చి తీసింది ఆ డాక్టరే. ఆయన వల్ల బతికున్నాను. చేతులెత్తి దండం పెడతాను. ఆ మాట అన్నందుకు కోపం కూడా అలాగే ఉంది. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని వదిలేయమని మా ఇంట్లోవాళ్లు అంటారు. నా వల్ల కాదు. మంచం మీదున్న మనిషి ముఖం పలకలేదు కాబట్టి ఆమెకు ఏమీ తెలియడం లేదని ఎవరూ తీర్పు చెప్పకూడదు. డాక్టర్లు అసలే చెప్పకూడదు.

నరం లోపలి తీగ తెగితే తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరేనట. వెన్ను నుంచి వేలికొసల దాకా ఎంత దూరమో మంచం మీద పడుకుని లెక్కవేసుకునేదాన్ని. భుజం ముందు కదిలింది, తర్వాత మోచెయ్యి. వేళ్లు అన్నిటికంటే చివర. ఫిజియోథెరపిస్టు పెన్సిల్‌కి లావుగా స్పాంజి చుట్టి వేళ్ల మధ్య పెట్టి, "ఏదైనా రాయండి, అక్షరాలు దిద్దినా సరే" అంది. "అన్న ఎందుకు వెళ్లాడు" అని రాశాను. పేజీ నిండా ఆ మూడు మాటలే పట్టాయి. ఆవిడకు అర్థం కాలేదు. చెల్లి మాత్రం ఏడ్చింది.

"ముందు నాలుగడుగులు వెయ్యడం చూసుకో, ఈ రాతలెందుకు" అని చూడటానికి వచ్చిన బంధువొకరు అన్నారు. అడుగులూ వేశాను. కానీ వేళ్లకు బలం తెచ్చింది మాత్రం ఆ రాతలే. మెత్తటి బంతి నొక్కమంటే విసుగొచ్చేది, చదివింది రాసుకోమంటే ఎంతసేపైనా కూర్చునేదాన్ని.

నేను రాసే పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. కొన్ని పేజీలు చదివి పుస్తకం మూసేస్తాను. మూసిన తర్వాతే రాస్తాను. ఏం జరిగింది, నాకేమనిపించింది, ఏది గుర్తు రావడం లేదు. ఆ మూడోది ముఖ్యం. తర్వాత పుస్తకం తెరిచి ఖాళీలు పూరించి పేజీ నంబరు వేస్తాను. ఆ రాత్రి నేను చేసింది ఇదే కదా. దీని మీద పరిశోధన కూడా ఉందని తర్వాత తెలిసింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలిచ్చి చూశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. కాబట్టి గుర్తు రావడం లేదని దిగులు పడకండి, ఆ వెతుకులాటలోనే పని జరుగుతుంది.

నోట్సు పెరిగాక ఏది ఎక్కడుందో దొరకదు. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ దీనికో ఉపాయం చెప్పాడు, 1686లో ఒక ఫ్రెంచి భాషా పత్రికలో అచ్చయింది. విషయం పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెండిటినీ బట్టి సూచికలో ఒక గడి. మనకైతే ఆ పని గుణింతమే చేసిపెడుతుంది. "కోపం" గురించి రాస్తే "కో" గడిలో పేజీ నంబరు వేస్తాను, "భయం" అయితే "భ"లో. నా నోటుపుస్తకం చివర రెండు పేజీల్లో సూచిక మొత్తం సరిపోయింది. "కో" గడే అన్నిటికంటే నిండుగా ఉంది.

జబ్బుపడ్డవాళ్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఒక మనవి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఏదో ఒకటి చదివి వినిపించండి. వింటున్నారో లేదో ముఖం చూసి తేల్చుకోకండి, కళ్లతో జవాబు చెప్పే దారి చూపించి అడగండి. మంచి చోట ఆపండి, రాత్రికి వాళ్లకు ఏదో ఒకటి ఉండాలి.

అరికాళ్లలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కువసేపు నిలబడలేను. కూర్చుని చేసే పని దొరికింది కాబట్టి దాని గురించి పెద్దగా బాధ లేదు. మా చెల్లి నోట్సు రాయదు, ఎంత చెప్పినా వినదు. చదివిన పుస్తకం గురించి ఫోన్‌లో గంటసేపు చెబుతుంది. దాని పుస్తకాలకు నా నోటుబుక్కులో వేరే పేజీలు కేటాయించాను. అది చెబుతుంటే నేను రాసుకుంటాను, మధ్యలో ఆపేస్తే తర్వాతేమైందని అడుగుతాను.