పంటి మీద ఉన్న సంవత్సరం: నా తొలి పరిశోధన ప్రణాళిక

ప్రజారోగ్య దంతవైద్యంలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేరిన మొదటి ఏడాది సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, సమర్పించమన్నప్పుడు, అది రెండు రాత్రుల పని అనుకున్నాను. మాది నల్గొండ జిల్లా. మర్రిగూడ వైపు బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన గారపళ్ళను, వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక అంశం కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఇంటింటికీ తాగునీరు అందించే తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ 2016 ఆగస్టులో ప్రారంభమై, ఆ తరువాతి ఏళ్ళలో నదీజలాలు ఊరూరికీ చేరాయి. అందుచేత ‘భగీరథ నీటి వల్ల పన్నెండేళ్ళ పిల్లల్లో దంత ఫ్లోరోసిస్ ఎంత తగ్గింది?’ అన్నది నా ప్రశ్న. దంత ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు పట్టే ఆ గారే. 2022లో బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు చూడాలి, కొళాయి నీటిలో ఫ్లోరైడ్ కొలవాలి, రెండింటినీ పోల్చాలి. ఇదంతా నాలుగు పేజీలలో రాసి మా గైడ్ మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ మొదటి పేజీ దాటలేదు. ‘పన్నెండేళ్ళ’ అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, "వీళ్ళు ఏ సంవత్సరంలో పుట్టినవాళ్ళు?" అని అడిగారు. 2010 అన్నాను. "శాశ్వత ముందు పళ్ళ ఎనామెల్ (పంటి మీది గట్టి పొర) ఏ వయసుకు పూర్తవుతుంది?" అన్నారు. బీడీఎస్‌లో బట్టీ పట్టినదే కాబట్టి నాలుగైదేళ్ళకని వెంటనే చెప్పాను. చెప్పిన తరువాత గాని కూడిక చేసుకోలేదు: 2014, 2015. అంటే ఆ పిల్లల ముందు పళ్ళ ఎనామెల్ తయారయ్యేటప్పటికి భగీరథ పథకమే మొదలు కాలేదు. ఫ్లోరైడ్ మచ్చ ఎనామెల్ రూపుదిద్దుకునే కాలంలోనే పడుతుంది. పన్ను పైకి వచ్చాక ఎంత మంచి నీళ్ళు తాగినా ఆ మచ్చ పోదు. నేను కొలవబోతున్నది 2022 నాటి నీరు, చూడబోతున్నది అంతకు ఎనిమిదేళ్ళ కిందటి నీటి గుర్తు.

వయసు తగ్గిద్దామా అని రెండు రోజులు లెక్కలు వేశాను. ఎనిమిదేళ్ళ వాళ్ళయితే 2014లో పుట్టి, కొంతకాలం బోరు నీళ్ళూ కొంతకాలం భగీరథ నీళ్ళూ తాగి ఉంటారు. ఏ నీటి ప్రభావం ఎంతో విడదీయడం నా వల్ల కాదు. చివరకు నా ప్రశ్నకు నిజాయతీగా జవాబు దొరకాలంటే 2018లోనో ఆ తరువాతో పుట్టినవాళ్ళు పన్నెండేళ్ళవాళ్ళు కావాలి, అంటే 2030 దాకా ఆగాలి. నాకున్నది మూడేళ్ళ కోర్సు. ‘ఎంత తగ్గింది’ అన్న మాట కొట్టేసి ‘ఎంత ఉంది’ అని రాసుకున్నాను. ఒప్పుకోవలసిన మాటేమిటంటే, ఆ రోజు నాకు అది ఓటమిలాగే తోచింది.

శాంపిల్ సైజు, అంటే ఎంతమంది పిల్లలను చూడాలన్న లెక్క, దగ్గర కూడా ఇలాంటి పాఠమే ఎదురైంది. గార ఎంతమందిలో ఉందో ముందుగా తెలియనప్పుడు 50 శాతం అనుకుని, 5 శాతం తేడాను ఒప్పుకుంటే సూత్రం 384 అని చెబుతుంది. మా సీనియర్ల థీసిస్‌లలో కనిపించే ఆ అంకెనే నేనూ దించుకున్నాను. అయితే ఒకే ఊరి పిల్లలంతా ఒకే బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళను వేరువేరు సాక్షులుగా లెక్కించడం కుదరదని స్టాటిస్టిక్స్ సార్ చెప్పి, దాన్ని రెండింతలు చేయించారు. 768 అయింది, ఒప్పుకోనివారి కోసం పది శాతం కలిపితే 845. రోజుకు ముప్పైమంది చొప్పున ఇరవై తొమ్మిది బడి దినాలు. దసరా సెలవులు, పరీక్షలు తీసేసి క్యాలెండరులో గళ్ళు నింపినప్పుడు గాని ఆ అంకె బరువు నాకు తెలియలేదు.

ఎథిక్స్ కమిటీలో వైద్యేతర సభ్యురాలు ఒకరు నా తెలుగు అంగీకార పత్రాన్ని నా చేతే పైకి చదివించారు. ‘మీ శిశువు యొక్క దంతముల ఎనామెల్‌పై ఫ్లోరైడ్ ప్రభావమును మదింపు చేయుటకై’ అని చదువుతుంటే నాకే సిగ్గు వేసింది. ‘మీ పాప లేక బాబు పళ్ళ మీద గార ఉందో లేదో చూస్తాం, సూది వేయం, పళ్ళు పీకం’ అని తిరగరాశాను. పన్నెండేళ్ళు నిండిన పిల్లల నుంచి రాతపూర్వక సమ్మతి కూడా విడిగా తీసుకోవాలని అక్కడే తెలిసింది.

అనుమతులు వచ్చాక ఒక బడిలో పైలట్ (ముందుగా చిన్న ఎత్తున చేసి చూడడం) చేశాం. వరండాలో వెలుతురు వైపు కుర్చీ వేసి, పళ్ళను దూదితో తుడిచి, గార తీవ్రతను కొలిచే డీన్ సూచిక ప్రకారం స్కోరు వేయడం నా పని. పంటి ఉపరితలంలో పావు భాగం లోపు మచ్చ అయితే ఒక స్కోరు, సగం లోపు అయితే తరువాతి స్కోరు. పొద్దున చూసిన పిల్లలనే మధ్యాహ్నం మళ్ళీ చూస్తే నా స్కోర్లు నాతోనే ఏకీభవించలేదు. దాంతో నన్ను నేను సరిచూసుకోవడానికి పది రోజులు ప్రణాళికలో చేర్చవలసి వచ్చింది. నీటి నమూనాలకు తీసుకెళ్ళిన గాజు సీసాలను ల్యాబ్ వాళ్ళు తిప్పి పంపారు. ఫ్లోరైడ్ నమూనాకు ప్లాస్టిక్ సీసా వాడాలట.

ఆ బడి నుంచే ఒక అబ్బాయి ఇంటికి వెళ్ళాను. నా ప్రశ్నావళిలో ‘మీరు ఏ నీళ్ళు తాగుతారు?’ అన్నది ఒకే ఒక గడి. వాళ్ళమ్మ నల్లా వైపు చూపించి, "గివి బోళ్ళు తోముటానికి సార్, తాగేది ప్లాంటు టిన్ను నీళ్ళే" అన్నది. మరి వంటకో అని అడిగితే, పప్పు బోరు నీళ్ళతోనే ఉడుకుతుందని చెప్పింది. పొయ్యి మీద అప్పుడే ఎసరు మరుగుతున్నది. ఆ గిన్నెలోనివి ఏ నీళ్ళో నా కాగితంలో రాసే చోటే లేదు. తిరిగి వచ్చే బస్సులోనే ఆ ఒక్క గడిని ఆరు చేశాను: తాగేవి, వండేవి, బడిలో తాగేవి, ఈ మూడూ ఇప్పుడు ఎక్కడివి, బిడ్డ చిన్నప్పుడు ఎక్కడివి.

సవరించిన సినాప్సిస్ ఆమోదం పొందింది. అందులో నేను చేర్చిన చివరి అనుబంధం ఊళ్ళ పట్టిక: ఏ ఊరు, ఏ బోరు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, భగీరథ నీరు ఏ ఏడాది వచ్చింది. పిల్లల పేర్లేవీ అందులో ఉండవు. 2030లో అవే ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ కోసం దాని ప్రతి ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టాలని మేడమ్ అన్నారు. అట్ట మీద సంవత్సరం నేనే రాసి పెట్టాను.